ఒడి కొలత

ఇసుకను తడిపితే వాన వాసన వస్తుంది.

వాన మాత్రం రాదు.

లోహపు పోతలు పోసే పోతాయన ఇసుకను తడుపుతాడు. పిడికిట పట్టి నొక్కి, వేళ్ళు విప్పి చూస్తాడు. ముద్ద నిలిచిందా, సరే. విరిగిందా, ఇంకో దోసెడు నీళ్ళు. అప్పుడు లేస్తుంది ఆ వాసన — ఎండకు కాగిన నేల మీద తొలి చినుకులు పడినప్పటి వాసన — షెడ్డంతా నిండి, మధ్య తలుపు దాటి, వంటింట్లోకి వెళ్తుంది. ఒకప్పుడు అక్కడి నుంచి ప్రతిసారీ భార్యది ఒకటే కేక.

"వానొచ్చిందా?"

"రాలేదు. ఇసుకే."

పెళ్ళయిన కొత్తలో ఆవిడ నిజంగానే మోసపోయి అడిగింది. ఆరేసిన బట్టలు తీయడానికి పరుగెత్తుకొచ్చింది కూడా. ఆ తర్వాత అంతా వేళాకోళమే. కాపురం పాతబడింది గానీ వేళాకోళం పాతబడలేదు.

ఇప్పుడు ఇసుక తడిపితే ఎవరూ అడగరు.

ఆయన మాత్రం చెంబు పట్టుకుని కాసేపు ఆగుతాడు... అలవాటు.

ఆ షెడ్డులో పుట్టేవి గిటార్లు. గుండెకు హత్తుకుని వాయించేవి కావు, ఒళ్ళో పడుకోబెట్టుకుని వాయించే హవాయి గిటార్లు. చెక్కవి కావు. తల నుంచి తోక దాకా అల్యూమినియం, ఒకే పోత. నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద ఆనించి జారిస్తే, ఏడుపుకీ పాటకీ మధ్య ఎక్కడో ఉండే గొంతు ఒకటి బయటికొస్తుంది. ఆ గొంతు కోసం మనుషులు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు.

అడిగినవాళ్ళకు వాళ్ళ కొలతే. కొలత తీసేది ఆవిడ. వచ్చినవాళ్ళను పీట మీద కూర్చోబెట్టి, ఈ మోకాలి నుంచి ఆ మోకాలికి టేపు పట్టేది. ఒడి కొలత అనేది దాన్ని. ఒకసారి భారీ మనిషి ఒకాయన వస్తే, "మీ ఒళ్ళో గిటారేం ఖర్మండీ, గుమ్మం తలుపే పడుకోబెట్టొచ్చు" అంది. ఆయన కడుపుబ్బ నవ్వాడు. నవ్వినప్పుడు ఆ పొట్ట ఎంత ముందుకొస్తుందో అదీ కొలుచుకుంది.

ఆ కొలతకు చెక్కతో అచ్చు చెక్కేదీ ఆవిడే. వడ్రంగి కూతురు. ఉలి పట్టిందంటే నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని, పిలిచినా పలికేది కాదు. ఆ అచ్చును ఇసుకలో పెట్టి, చుట్టూ గట్టిపడేలా దిమ్మిస వేసి, మెల్లగా పైకి తీసి, మిగిలిన గుంటలో కరిగిన లోహం పోసేది ఆయన.

చెక్క ఆవిడది. నిప్పు ఆయనది.

ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టేవారు కాదు. కాపురం చల్లగా ఉండటానికి అదే కారణమని ఇద్దరూ గొప్పగా చెప్పుకునేవారు.

ఆవిడ దగ్గర ఒక కొలబద్ద ఉండేది. చూడటానికి అన్ని బద్దల్లాంటిదే. కానీ అందులో ప్రతి అంగుళమూ అసలు అంగుళం కంటే ఒక పిసరు పెద్దది. పోతపనికి అచ్చులు చెక్కేవాళ్ళు వాడే బద్ద అది. దొంగ బద్ద అని వెక్కిరించేవాడు ఆయన. అది అలా ఎందుకుంటుందో ఆయనకూ తెలుసు. తెలిసి, ఆవిడకు వదిలేసి, మరిచిపోయాడు.

ఆవిడ మాట ఒకటుండేది — "వేడి మీద ఏదైనా పెద్దదే. చల్లారాక చూడు."

పోతకూ అదే మాట. పిల్లల తగువులకూ అదే మాట.

పిల్లలు ఇద్దరు. పెద్దది, చిన్నది. ఇద్దరికీ పాఠం ఆవిడ సొంత గిటారు మీదే. ఆవిడ తన ఒడికి తాను కొలిచి, తాను అచ్చు చెక్కుకుని, ఆయన చేత పోయించుకున్న గిటారు అది. గీతలున్నాయి దాని మీద, ఏ స్వరం ఎక్కడో చూపించే గీతలు. ఆవిడ చూడనిచ్చేది కాదు.

"గీతలు చూస్తే కళ్ళు వాయించినట్టు. కళ్ళు మూసుకోండే."

కళ్ళు మూసుకునే నేర్చుకున్నారు. అన్నం కలిపే చెయ్యి నోటికి దారి వెతుక్కోనట్టు, ఆ పిల్లల చేతులు ఆ గీతలను వెతుక్కునేవి కావు.

తర్వాత జబ్బు వచ్చింది. కొంచెం కొంచెంగా తీసుకుపోయింది ఆవిడను. చివరికి గిటారు బరువు కూడా ఆ ఒడి ఆనలేకపోయింది. పక్కన పడుకోబెట్టుకునేది, పసిపిల్లను పడుకోబెట్టుకున్నట్టు. అది ఎవరికని ఆవిడ చెప్పలేదు. అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఆవిడ పోయాక వచ్చాయి నోళ్ళు, ఆ గిటారు నాదంటే నాదని.

"మందులిచ్చింది నేను, పక్క మార్చింది నేను. నీకు వాయించడమే వచ్చు. దగ్గరుండటం రాదు" అంది పెద్దది.

"దగ్గరున్నావు. వాయించమని అమ్మ అడిగితే ఒక్కసారైనా వాయించావా?" అంది చిన్నది.

మాటకు మాట తెగులు అంటారు. తెగులు పట్టాక అక్క లేదు, చెల్లి లేదు. ఇద్దరూ నాన్నను చూడటానికి వస్తారు — వేర్వేరు రోజుల్లో. గుమ్మంలోనే నిలబడి, "అది వచ్చి వెళ్ళిందా?" అని అడిగి, వెళ్ళిందంటేనే చెప్పులు విప్పుతారు.

ఆయనకు రెండు కళ్ళూ ఆ ఇద్దరే. ఒక కన్ను ఇంకో కన్ను మొహం చూడనంటే ఆ మనిషికి నిద్రెలా పడుతుంది?

చల్లారుతుందిలే అనుకున్నాడు. ఏడాది తిరిగింది. చల్లారలేదు, గట్టిపడింది.

అప్పుడు పుట్టింది ఆయనకు ఆ బుద్ధి.

ఒకటి ఉంటేనే కదా కొట్లాట. రెండు చేస్తాను.

అటక ఎక్కాడు, ఆవిడ చెక్కుకున్న అచ్చు కోసం. గుడ్డలో చుట్టి ఉంది, చుట్టినట్టే ఉంది. విప్పాడు. అచ్చు చక్కగా కనిపించింది. చెయ్యి వేశాడు... పొడిపొడిగా రాలిపోయింది. ఆవిడ మంచాన ఉన్నన్నాళ్ళూ అటక ఎవరూ ఎక్కలేదు. చెదలు ఎక్కాయి.

ఆ చెదల మట్టి చేతినిండా పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

అయితేనేం, గిటారు ఉందిగా. అచ్చు నుంచి వచ్చిందే కదా గిటారు. దాన్నే అచ్చు చేస్తే సరి.

ఎంత తేలిగ్గా తోచిందో ఆ మాట! తేలిగ్గా తోచిన మాటను అనుమానించమని ఆయనకు చెప్పే మనిషే లేకపోయింది.

తీగలు విప్పాడు. బిరడాలు ఊడదీశాడు. ఒళ్ళు మాత్రమే మిగిలిన గిటారును ఇసుక పెట్టెలో పడుకోబెట్టి, దిమ్మిస వేసి, ఊపిరి బిగబట్టి పైకి తీశాడు. ఇసుకలో ఆవిడ ఒడి కొలత. ఇంకో పెట్టె. మళ్ళీ పడుకోబెట్టాడు, మళ్ళీ తీశాడు. రెండు గుంటలు, ఒక్క తేడా లేదు.

ఒకరికి అసలుది, ఒకరికి నకలు ఇస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. ఇద్దరికీ కొత్తవిస్తే అమ్మది ఏదీ అంటారు. అందుకని ఆవిడ గిటారును కరిగించి, పాత పోతల ముక్కలు కొంత కలిపి, రెండు గుంటల్లోనూ పోస్తాడు. చెరి సగం. ఎవరిది ఎక్కువ అనడానికి వీల్లేకుండా.

ఆకారం ఎక్కడికి పోతుంది? ఇసుకలో భద్రంగా ఉంది.

లోహం కరిగించే మూసలో గిటారు పట్టదు గనుక రంపం తీశాడు.

అల్యూమినియం మోగుతుంది. తీగలు లేకపోయినా మోగుతుంది. రంపం ఆడినంతసేపూ ఆ ఒళ్ళు మోగుతూనే ఉంది. ఆయన ఆగాడు. అరచెయ్యి దాని మీద వేసి, ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టినట్టు నిమిరాడు. మోత ఆగింది. మళ్ళీ రంపం ఆడించాడు. ఏడ్చాడు కూడా. ఎవరి కోసమో అని అనుకోనక్కర్లేదు, ఆవిడ కోసమే.

కొలిమి అందుకుంది. ముక్కలు మెత్తబడ్డాయి, అంచులు వాలాయి, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పైన పాల మీద మీగడలా తెట్టు. గరిటెతో పక్కకు తీస్తే కింద తెల్లగా, కదలకుండా, చూసేవాడి మొహం చూపిస్తూ... ఆవిడ.

పోశాడు. పోసేటప్పుడు ఆగకూడదు, ఆగితే అతుకు పడుతుంది. ఆగలేదు. రెండు పెట్టెలూ నిండాయి.

తర్వాత ఇసుకలోంచి ఆ చప్పుడు.

టిక్... టిక్... లోహం చల్లారే చప్పుడు. పోతాయన జీవితమంతా విన్న చప్పుడే. ఆ రోజు అది వింటూ ముక్కాలి పీట మీద కూర్చుని తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. పిల్లలిద్దరూ ఒకే గుమ్మంలో చెప్పులు విడిచినట్టు ఊహించుకున్నాడు.

పెట్టెలు పగలగొట్టి, ఇసుక దులిపి, ఆకురాయి పట్టి, మెరుగు పెట్టాడు. అందంగా వచ్చాయి రెండూ. ఒక్క బొక్క లేదు, ఒక్క అతుకు లేదు.

ఆవిడ గిటారు పెట్టె తెరిచాడు. లోపల మెత్తటి గుడ్డ, గుడ్డలో ఇన్నేళ్ళ గిటారు బరువుకు పడిన పల్లం. అందులో ఒకదాన్ని పడుకోబెట్టాడు.

టక్.

కదిలింది.

పెట్టెను ఇటు వంచితే ఇటు, అటు వంచితే అటు... టక్. రెండోది పెట్టాడు. టక్. కొసన చిటికెన వేలి గోరంత ఖాళీ.

మేకుకు వేలాడుతోంది దొంగ బద్ద.

చూశాడు దాన్ని.

కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది. అందుకే అచ్చు ఒక పిసరు పెద్దది చెక్కాలి. అందుకే ఆ బద్ద. ఆవిడ తన ఒడికి సరిపోయే గిటారు కోసం తన ఒడి కంటే పెద్ద అచ్చు చెక్కుకుంది. ఆ అచ్చు నుంచి వచ్చినది ఆవిడకు సరి. ఆవిడ గిటారు నుంచి వచ్చినది ఆవిడ కంటే తక్కువ. పోతపని మొదలుపెట్టిన రోజునే నేర్చుకునే సంగతి. మూసల మధ్య జుట్టు నెరిసిన మనిషి మరిచాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరికీ తెలుసు. ఆయనకు చల్లారాక తెలిసింది.

లెక్క కట్టి మళ్ళీ పెంచవచ్చు. ఎవరో ఒక వడ్రంగి చెక్కిపెడతాడు. కానీ అది లెక్క అవుతుంది. ఆవిడ చెక్కినది కాదు. ఆవిడ ఒడికి సరిపోయినది ఇక ఈ లోకంలో లేదు. తన చేత్తోనే రంపం పెట్టాడు.

అయినా పిల్లలను పిలిచాడు. తీగలు కట్టి పిలిచాడు. ఒకే రోజు, ఒకే వేళకు, ఒకరికి తెలియకుండా ఒకరిని.

గుమ్మంలో ఎదురుపడి ఇద్దరూ ఆగిపోయారు. ఆయన రెండు పీటలు వేశాడు.

"ఎక్కువా లేదు, తక్కువా లేదు. రెండింట్లోనూ అమ్మే" అన్నాడు. "కానీ చిన్నవైపోయాయమ్మా. కొలబద్ద మరిచిపోయాను."

పెద్దది ముందు అర్థం చేసుకుంది. "అమ్మది కరిగించేశావా నాన్నా?"

ఆయన తల దించుకున్నాడు.

చిన్నది గోడకు ఆనుకుంది. ఇద్దరూ అప్పుడే వెళ్ళిపోతారనుకున్నాడు. వెళ్ళలేదు. ఎవరు ముందు కూర్చున్నారో ఆయన చూడలేదు. తలెత్తేసరికి ఇద్దరూ పీటల మీద ఉన్నారు, ఒళ్ళో గిటార్లున్నాయి, కళ్ళు మూసుకుని ఉన్నారు.

అమ్మ చెప్పిన మొదటి పాఠం. ఉత్త తీగ మీటి, కడ్డీ ఆనించి, మధ్య గీత దాకా ఒకే జారు.

జారాయి రెండు కడ్డీలూ.

రెండూ మధ్య గీత దాటిపోయాయి. బియ్యపు గింజంత. స్వరం ఒక పిసరు పైకి పోయింది, పోయి అక్కడ వణికింది. పెద్దదాని చెయ్యి ఎక్కడ ఆగిందో చిన్నదాని చెయ్యీ అక్కడే ఆగింది. గిటారుతో చూస్తే రెండూ తప్పు. ఒకదానితో ఒకటి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

ఇద్దరికీ వినబడింది. కన్రెప్పల కింద తడి.

గింజంత వెనక్కి జరిపితే సరిపోతుంది. చెవి ఉన్నవాళ్ళు ఎవరైనా జరుపుతారు. ఇద్దరూ జరపలేదు. అమ్మ గిటారు కొలత ఇప్పుడు మిగిలింది అక్కడే — ఆ రెండు చేతులు ఆగినచోట.

ఆయన అక్కడ నిలబడలేకపోయాడు. ఇసుక కుప్ప దగ్గరికి వెళ్ళాడు. పోయవలసిన పోత ఏదీ లేదు. నొక్కవలసిన అచ్చూ లేదు. చేతులు ఊరుకోక చెంబు ముంచి నీళ్ళు చల్లాడు.

వాసన లేచింది. షెడ్డంతా నిండింది.

వెనక నుంచి ఒక గొంతు, నెమ్మదిగా —

"వానొచ్చిందా?"

పెద్దదో, చిన్నదో. తల్లి గొంతే ఇద్దరిదీ, వెనక నుంచి పోల్చలేం. అడిగింది ఆయననో, పక్క పీట మీద మనిషినో, అదీ తెలియలేదు.

ఆయన చెంబు పట్టుకుని ఆగాడు.

"రాలేదు. ఇసుకే" — జవాబు నోటిదాకా వచ్చింది. మింగేశాడు. ఆ రెండో గొంతు చెబుతుందేమో... ఆ ఒక్క మాటా అది చెబుతుందేమో...

నీళ్ళు ఇసుకలోకి మెల్లగా ఇంకుతున్నాయి.