అక్క చేసిన పొడి

చిట్టిది మొదట్నుంచీ బరువు చెయ్యే. గ్లాసు కడిగితే గ్లాసు పగిలేది, తలుపేస్తే గోడ అదిరేది. అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకే ల్యాబ్. చిట్టి రాతి కల్వం చేతిలోకి తీసుకుందంటే చాలు, అక్క పరుగెత్తుకొచ్చి లాక్కునేది.

"ఇటివ్వవే తల్లీ! అది నూరడమా, గోడ కూలగొట్టడమా? గరుకు పోయేదాకా నూరి ఆపేయాలి. ఆపైన నూరితే స్ఫటికం లోపలి వరస చెదిరిపోతుంది. ఇక ఎక్స్‌రే ముందు పెట్టినా ఏమీ కనబడదు."

ఆ అక్క ఇప్పుడు లేదు. జ్వరమని పడుకున్న మనిషి మళ్లీ లేవనేలేదు. మిగిలినవల్లా చిన్న సీసాలో చిటికెడు తెల్లటి పలుకులు. వాటికోసం ఆమె ఎన్నాళ్లు తిండీ నిద్రా మానుకుందో! ఒక్కసారే కుదిరాయి. ఆ తర్వాత ల్యాబంతా తలకిందులైనా ఎవరికీ కుదరలేదు. ల్యాబ్ పెద్దసారు ఖరాఖండిగా చెప్పేశారు: ఎక్స్‌రే గీతలో శిఖరాలు కనబడితేనే అచ్చయ్యే పరిశోధన పత్రంలో అక్క పేరుంటుంది. లేకపోతే లేదు.

చిట్టి ఆ పలుకులన్నిటినీ కల్వంలో పోసింది. మరీ నలిగిపోకుండా చుక్క స్పిరిట్ వేసి, అక్క చూపినట్టే, ఒత్తీ ఒత్తకుండా నూరసాగింది. చెయ్యి మాట వింటోంది. "చూశావా అక్కా!" అని మురిసిపోయింది కూడా. అప్పుడే బావ ఫోన్ చేశాడు.

"చిట్టీ, బీరువా సర్దుతున్నానమ్మా. మీ అక్క ఊదారంగు స్వెటర్... ఇంకా తన వాసనే వస్తోంది. ఏం చెయ్యమంటావు?"

ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి వింటూ ఉండిపోయింది. అటు బావ ఏడుపు, ఇటు ఈమె ఏడుపు. చెయ్యి మాత్రం దాని పాటికది తిరుగుతూనే ఉంది. స్పిరిట్ ఎప్పుడు ఆరిపోయిందో, ఒత్తిడి ఎప్పుడు పెరిగిందో చూసుకోనే లేదు. బావ ఫోన్ పెట్టేశాక చూస్తే, కల్వం అడుగున మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా అంటుకుని ఉంది.

ఎక్స్‌రే మెషిన్ చూసే అన్న ఆ పొడిని బిళ్లమీద పరిచి లోపల పెట్టాడు. ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. సూదుల్లా లేవాల్సిన శిఖరాలు ఒక్కటీ లేవలేదు. మధ్యలో బోర్లించిన గిన్నెలాంటి దిబ్బ, అంతే.

"కాస్త వేడిచేస్తే లోపలి వరస మళ్లీ కుదురుకుంటుందేమో అన్నా?"

"ఇది వేడికి మాడిపోయే రకమమ్మా. మీ అక్కే చెప్పింది. ఇంకేమైనా మిగిలిందా?"

చిట్టి తల అడ్డంగా ఊపింది.

సాయంత్రం బావే మళ్లీ ఫోన్ చేశాడు. "వచ్చిందా? మీ అక్క పేరు పడుతుందా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"లేదు బావా. నేనే పాడుచేశాను. ఒళ్లు తెలియకుండా నూరేశాను. అక్క చేసిందాన్ని నా చేతులారా నలిపేశాను."

బావ మెల్లగా అన్నాడు. "మీ అక్క ఉంటే నీకు బాగా గడ్డిపెట్టేది."

"పెట్టమను బావా," అంది చిట్టి వెక్కుతూ. "ఒక్కసారి వచ్చి పెట్టమను."