వెనక్కి పిలుస్తారనుకున్నాను

భరణీ, ఆ ఫోను పక్కన పెట్టి ఇలా నా మోకాలికి ఆనుకుని కూర్చో. మీ హర్షిత బడి ఎందుకు మారిందో మీ అమ్మకి కూడా సగమే తెలుసు. మొత్తం నీకు చెబుతాను.

చీపురుపల్లిలో మన కిరాణా కొట్టు ఎలా నడిచేదో నువ్వు చూశావు. బెల్లం డబ్బా దగ్గర నుంచి నిన్ను ఇవతలికి లాగడమే నాకు పెద్ద పనిగా ఉండేది. ఎదురుగా అద్దాల తలుపుల సూపర్ మార్కెట్టు వచ్చాక బేరాలు పడిపోయాయి. హర్షిత ప్రైవేటు బడికి మనం సగం ఫీజే కట్టేవాళ్ళం. మిగతా సగం ప్రిన్సిపాల్ సుహాసినిగారు తగ్గించారు. ఈ ఏడు ఆ కట్టే సగమూ బరువైంది. ఇంకొంచెం తగ్గించమని అడగాలి. మీ మావయ్య ఉమాపతికి అడగడానికి నోరు రాలేదు.

"నువ్వెల్లమ్మా. బేరమాడ్డం నీకొచ్చినట్టు నాకు రాదు" అన్నాడు.

నాకు లోపల గర్వం పొంగింది సుమా. విజయనగరం హోల్‌సేలు కొట్లవాళ్ళు నన్ను చూడగానే ధర తగ్గించే చెప్పేవారు మరి.

హర్షితను వెంటబెట్టుకుని వెళ్ళాను. సుహాసినిగారు మంచినీళ్ళు ఇప్పించారు, కొట్టు సంగతి అడిగారు, చెప్పిందంతా విన్నారు. తొమ్మిదో తరగతిలో రాయితీ సీటు ఒక్కటే ఉందని, అది హర్షితకే ఉంచానని, అంతకుమించి తగ్గించడం తన చేతిలో లేదని, కావాలంటే వాయిదాల్లో కట్టమని చెప్పారు. అక్కడ సరే అని ఉంటే ఏ గొడవా లేదు.

మన కొట్లో అలవాటు నీకు తెలిసిందే కదా. బేరం కుదరకపోతే కొనేవాడు లేచిపోతాడు, అమ్మేవాడు వెనక్కి పిలుస్తాడు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి నేను ఎందరినో పిలిచాను, నన్నూ ఎందరో పిలిచారు. ఆ ధీమాతోనే లేచాను.

"గజపతినగరం బడిలో ఇంకా తగ్గిస్తామన్నారమ్మా. అక్కడికే తీసుకెల్తాను. లెగవే హర్షితా."

తగ్గిస్తామని నాతో ఎవరూ అనలేదు భరణీ. ఆ ఊళ్ళో బడి గేటైనా నేను చూడలేదు.

ఆవిడ కాస్త తడబడతారేమోనని చూశాను. ఆవిడ సంతోషించారు. పిల్లకి మంచే జరుగుతోందంటూ గుమ్మం దాకా వచ్చి హర్షిత తల నిమిరారు.

వరండాలో చెప్పులు వేసుకోవడానికి కావాలనే ఆలస్యం చేశాను. నెమ్మదిగా నడిచాను. వెనకనుంచి "ఒక్కసారి ఇలా రండి" అని ఆవిడ గొంతు వినపడింది. ఒళ్ళు తేలికైపోయి గిరుక్కున తిరిగాను. పొద్దుటి నుంచి కూతురితో బల్ల మీద కూర్చున్న ఇస్త్రీ దాలయ్యను పిలుస్తున్నారు.

దారిలో హర్షిత, గజపతినగరం బస్సు ఎక్కడ ఎక్కాలని అడిగింది. నేను నడక వేగం పెంచాను. పిల్ల ఆగిపోయింది.

"ఏ బడీ లేదేటి, నాన్నమ్మా?"

"పిలుస్తారనుకున్నానే."

"పిలవడానికి, మేడం కొట్లో కూకున్నారేటి?"

మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళి, అబద్ధమాడానని ఆవిడ ఎదుటే ఒప్పుకున్నాను. సుహాసినిగారు నన్ను కూర్చోమని కుర్చీ జరిపారు.

"మీ మాట నమ్మి ఆ సీటు దాలయ్యగారమ్మాయికి ఇచ్చేశానమ్మా. వెనక్కి తీసుకోమంటారా? మీరే చెప్పండి."

కిటికీలోంచి ఆ పిల్ల కనిపిస్తోంది. ఇంకా యూనిఫాం కుట్టించలేదు, పూల గౌనులోనే వచ్చింది. పక్కపిల్ల పుస్తకంలోకి తొంగి చూసి నవ్వుతోంది. తీసుకోండి అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది, నీ దగ్గర దాపరికమెందుకు. వద్దన్నాను. అదేదో మంచితనమనుకోకు. రేపు రోడ్డు మీద దాలయ్య ఎదురైతే తలెత్తలేనని భయం.

పూర్తి ఫీజు మన వల్ల అయ్యేది కాదు. హర్షిత జెడ్పీ హైస్కూల్లో చేరింది. బాగానే చదువుతోంది. కానీ పాత స్నేహితులు మన వీధిలోంచి బడికి వెళ్ళే వేళకి తలుపు దగ్గరగా వేసేసుకుంటుంది. నన్ను ఒక్క మాట అనలేదు. మీ మావయ్యా అనలేదు. తిట్టినా బాగుండేది. అది కంచం ముందు తల వంచుకుని తింటుంటే, మారు వడ్డించడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు.

రేపు నువ్వూ ఎవరినో ఏదో అడగాల్సిన రోజు రావచ్చు. ఇది గుర్తుంచుకో. నీ పిల్లలకీ చెప్పు. చెప్పేటప్పుడు ఎవరో ముసలమ్మ అని తప్పించకు తల్లీ. మా అమ్మమ్మ కన్యాకుమారి ఇలా చేసిందని పేరు పెట్టే చెప్పు.