వేషంలో తిట్టిన తిట్లు

ఆటోలో ఆ పాట మొదలుకాగానే చక్రధర్‌కు దిగిపోవాలనిపించింది. డ్రైవరు హ్యాండిలు మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. పక్కన కూర్చున్న ముసలామె కూడా తల ఊపుతోంది. పైన పాత సినిమా పాట, కింద గుండె కొట్టుకున్నట్టు ఆగని దరువు. ఆ ఎండాకాలం తిరుపతిలో ఏ ఆటో ఎక్కినా అదే.

"ఎవురిదన్నా ఈ పాట?" అని తెలియనట్టు అడిగాడు.

"డీజే జయ అంటప్పా, మన బంగారుపాళ్యం పిల్లోడే. టీవీలో చీరలంగడి ప్రచారానికి గూడా వాని దరువే. సూళ్లేదా?"

మన బంగారుపాళ్యం పిల్లోడు! రెండేళ్ల కిందట ఆ జయచంద్రను ఎవరెరుగుదురు? బెంగుళూరులో ఒక డీజే దగ్గర పెట్టెలు మోసి, ఆ పని చూసి నేర్చుకుని ఊరికొచ్చాడు. వాళ్ల మామ కాపలా ఉండే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, సీజను లేని నెలల్లో ఒక షెడ్డు ఖాళీగా ఉండేది. ఆదివారాలు తిరుపతి, చిత్తూరుల నుంచి స్నేహితులు కొందరు అక్కడ చేరేవాళ్లు. గోడలనిండా పులిసిన మామిడి వాసన. జయచంద్ర రెండు సీడీ ప్లేయర్లు పెట్టుకుని ట్రాన్స్ అనే డీజే సంగీతం వేసేవాడు. దానికి మాటలుండవు. ఒకే దరువు పోతూ పోతూ, మెల్లగా ఎక్కుతూ, ఒకచోట ఆగినట్టే ఆగి మళ్లీ మీద పడుతుంది. ఇక అప్పుడు ఒళ్లు మనది కాదు. షెడ్డులో వెలుతురు చాలదు కాబట్టి, సీడీల మీద రాసుకున్న పేర్లు కనబడేట్టు చక్రధర్ పక్కన నిలబడి టార్చి పట్టేవాడు. అది అతని ఉద్యోగం. ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

"సినిమా పాట ఏసిన రోజు నా చెయ్యి నరుక్కుంటా," అని జయచంద్ర ఆ షెడ్డులోనే ఒకసారి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు వచ్చే ఆదివారం సాయంత్రం తిరుపతిలో పెద్ద మైదానంలో అతని ప్రోగ్రాం. గోడలమీద పోస్టర్లు పడ్డాయి. జయచంద్ర ఫోన్ చేసి, "టార్చి నువ్వే పట్టాలప్పా, వేరేవాళ్లు పడితే నాకు చెయ్యాడదు," అన్నాడు. ఆ మాట విన్న అజ్మల్ చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చేశాడు. షెడ్డులో అందరికన్నా ముందు వచ్చి అందరికన్నా ఆఖరున పోయేవాడు అజ్మలే.

"మేమెవురమూ రావడం లేదు. వాడు మనోడు కాదింక, చీరలంగడోడు. నువ్వు పోయి పక్కన నిలబడితివా, నువ్వూ అంతే. తేల్చుకో," అన్నాడు.

చక్రధర్‌కు తేలలేదు. తనకు నొప్పి సినిమా పాట కలిపినందుకా, లేక ఆ పాట ఆటో డ్రైవరుకు కూడా నచ్చినందుకా? నిజం చెప్పాలంటే పాట బాగానే ఉంది. మధ్యలో గొంతు ఆగిపోయి దరువు ఒక్కటే మిగిలే చోట, షెడ్డులో విన్నదే అక్షరాలా ఉంది. అదీ కోపమే తెప్పించింది.

ఈలోగా గంగమ్మ జాతర వచ్చింది. చక్రధర్‌కు టైఫాయిడ్ వచ్చినప్పుడు అతని తల్లి భారతమ్మ బండ వేషం కట్టిస్తానని మొక్కుకుని ఉంది. ఒళ్లంతా కుంకుమ పూసుకుని, వీధిలో ఎదురైనవాళ్లనల్లా నోటికొచ్చినట్టు తిట్టాలి. తిట్లు పడ్డవాళ్లు కోపం తెచ్చుకోరు. ఆ తిట్టు తగిలితే మంచిదని దణ్ణం పెడతారు.

"గట్టిగా తిట్టల్ల రా," అంది భారతమ్మ, వీపుకు కుంకుమ రుద్దుతూ. "మీ నాయన వేషం కడితే వీధి వీధంతా గడగడలాడేది. నువ్వేమో పెండ్లికూతురు మాదిరి గొణుగుతావు."

"ఎవుర్ని తిట్టేదిమా?"

"ఎదురొచ్చినోణ్ణి. ఈ రోజు నోరు నీది కాదు, గంగమ్మది."

ఎదురొచ్చింది జయచంద్ర. జాతర చూడటానికి వచ్చి, సందు మలుపులో చెరుకురసం తాగుతున్నాడు. పక్కన ఇద్దరు కాలేజీ పిల్లలు అతనితో ఫోటో దిగుతున్నారు. చక్రధర్ నోరు తెరిచాడు. ఇన్నాళ్లూ దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఏమిరా చీరలంగడి డీజే! చెయ్యి నరుక్కుంటానంటివే, యాడరా నరికింది? గుజ్జు షెడ్డులో మమ్మల్ని ఎగిరించి, ఈడ ముసిలోళ్లకు తలకాయలు ఊపిస్తాండావా? మొగం మండా! నీ దరువులో పస ఎండిపోయిందిరా, సినిమా పాటకు కోడలివైపోతివి కదరా!"

వీధిలో జనం విరగబడి నవ్వారు. జయచంద్ర గ్లాసు కింద పెట్టి, చేతులు జోడించి, వంగి చక్రధర్ చేతిమీది కుంకుమ వేలితో తీసుకుని నుదుట పెట్టుకున్నాడు.

"ఇంగా తిట్టప్పా. మంచిదే."

"నేను నిజంగానే తిడతాండా!"

"వేషంలో అందురూ నిజంగానే తిడతారబ్బా," అని నవ్వి జనంలో కలిసిపోయాడు.

చక్రధర్ అక్కడే నిలబడిపోయాడు. తిట్టాడు, కానీ తిట్టినట్టు లేదు. తిట్టింది తనా, అమ్మవారా? తనదైతే జయచంద్రకు తెలిసిందా? ఇంటికొచ్చి బావి దగ్గర ఎంత రుద్దుకున్నా గోళ్ల సందుల్లో ఎరుపు పోలేదు.

"తిట్టింది బాగుండాది," అంది భారతమ్మ సంతోషంగా. "ఆ పిల్లోడు నీకెవురు రా?"

"స్నేహితుడు."

"మన వీధిలో మోగే పాట ఆ పిల్లోడిదేనంట కదా? మంచి పాట. నీకేమిరా మరి కడుపుమంట?"

అతను ఇంకో చెంబు నీళ్లు తోడి మళ్లీ గోళ్లు రుద్దుకున్నాడు.

ఆదివారం మైదానానికి పోకూడదనుకుని బయలుదేరాడు. గేటు దాకా పోయి తిరిగొచ్చేద్దామనుకుని లోపలికి పోయాడు. స్టేజి వెనకకు చేరేసరికి జేబులో టార్చి ఉంది. ఎప్పుడు పెట్టుకున్నాడో గుర్తు లేదు.

జయచంద్ర ఆశ్చర్యపోలేదు. పక్కకు జరిగి చోటిచ్చాడు.

"మొన్న నేను తిట్టింది..." అన్నాడు చక్రధర్.

"బాగా తగిలినాయప్పా. నిద్ర పట్టలేదు," అని జయచంద్ర నవ్వాడు. ఎగతాళో కాదో ఆ నవ్వులో తెలియలేదు.

కింద వందలమంది సినిమా పాట పేరు చెప్పి అరుస్తున్నారు. అజ్మల్ లేడు, షెడ్డువాళ్లు ఎవరూ లేరు. జయచంద్ర రెండు సీడీలు బల్లమీద పెట్టాడు. ఒకటి ఆటోల్లో మోగేది. ఇంకొకటి షెడ్డుది, దాని అంచున ఇంకా గుజ్జు మరక ఉంది.

"ఏది ముందు?"

చక్రధర్ టార్చి వెలిగించాడు. వెలుగు ఒక సీడీ మీదికి పోయింది, అక్కడ నిలవక రెండోదానిమీదికి వచ్చింది, మళ్లీ వెనక్కి పోయింది.

"నిలకడగా పట్టప్పా," అన్నాడు జయచంద్ర. "ఏదీ కనపడటంలే."