ముందుగది ఎవరిది

అమీనుద్దీన్ గుండె ఆపరేషన్‌కు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి. రిపోర్టులు తెస్తానని చెప్పి జగిత్యాల వెళ్లిన అతని భార్య హమీదాబీ, దవాఖాన నుంచి నేరుగా దస్తావేజులు రాసే దశరథం దగ్గరికి పోయింది. అక్కడ మెహ్రీన్ గురించి విన్న మాటతో ఆమె బెంబేలెత్తింది.

మెహ్రీన్ ఆమె చెల్లెలి కూతురు. తల్లి పురిట్లోనే పోతే పదకొండు రోజుల పసిగుడ్డును తెచ్చుకుని పెంచారు. ఆధార్ కార్డులో, రేషన్ కార్డులో, పదో తరగతి మెమోలో తండ్రి పేరు అమీనుద్దీన్ అనే ఉంది. ఇన్ని ముద్రలు పడ్డాక ఇంకేం కావాలని పిల్లలు లేని ఆ ఇద్దరూ ఇరవై మూడేళ్లు నిశ్చింతగా ఉన్నారు.

"కార్డులతోని కాదమ్మా," అన్నాడు దశరథం. "మీ ముస్లింల చట్టంల పెంచుకున్న బిడ్డ వారసురాలు కాదు. పెద్దమనిషికి ఏమన్న అయితే నీకు పావు వంతు, మిగిలిందంత ఆయన తమ్మునికి. బిడ్డకు ఇయ్యాలంటే ఆయన సోయిల ఉన్నప్పుడే వీలునామా రాయాలె. అది గూడ ఆస్తిల మూడో వంతు దాటొద్దు."

మూడో వంతు చాలు. కోరుట్లలో వాళ్ల ఇంటి ముందుగది ధర కట్టినా అంతకు మించదు. ఆ గదిలోనే మెహ్రీన్ మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతోంది.

కానీ గుండె కోతకు పోయే మనిషి ముందు వీలునామా మాట ఎత్తితే, నువ్వు తిరిగి రావని చెప్పినట్టే కదా! రెండు రోజులు నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. మూడో రోజు మాత్ర ఇస్తూ అనేసింది.

"అఫ్సర్ లేడా?" అన్నాడు అమీనుద్దీన్. "నా తోడబుట్టినోడు పిల్లను బజార్ల నిలబెడ్తడా? ఆపరేషన్‌కు ముందే నన్ను సాగనంపేటట్టున్నవ్ గద!"

ఆమె నీళ్ల గ్లాసు అందించి వంటింట్లోకి పోయింది.

ఆదివారం అన్నను చూడటానికి అఫ్సర్ సిరిసిల్ల నుంచి వచ్చాడు. మరమగ్గాల కార్ఖానాలో పని. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే భర్తకు నచ్చజెప్పడం ఆమెకు తేలికయ్యేది. సంచీ నిండా దానిమ్మలు తెచ్చి, అన్న మంచం మీద కూర్చుని కాళ్లు పిసకసాగాడు.

"దిగులు పెట్టుకోకు భాభీ, భాయికి ఏం గాదు. అయినా నేనున్న గద. మెహ్రీన్‌కు మంచి సంబంధం చూసి పెండ్లి నేనే చేస్త."

చాయ్ తెచ్చిన మెహ్రీన్ గుమ్మంలో ఆగింది. "మరి నా మిషన్, చాచా?"

"అరే పిచ్చిదానా, నీ వెంటనే పంపుత! గా ముందుగదిల మా కొడుకు జుబేర్‌తోని మొబైల్ దుకాణం పెట్టిస్త. రోడ్డు మీదున్నది, మస్తు నడుస్తది." ఎంతో ప్రేమగా అన్నాడు.

హమీదాబీ భర్త వైపు చూడటానికి కూడా భయపడింది. అమీనుద్దీన్ మెల్లగా కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"అఫ్సర్, రేపు ఉంటవా? జగిత్యాల పోవాలె. ముందుగది మెహ్రీన్‌కు రాస్తున్న. నువ్వు సాక్షి సంతకం పెట్టాలె."

"నా మీద నమ్మకం లేదా, భాయి?"

"నమ్మినందుకే గదా ఇన్నొద్దులు రాయలే. నేను బతికుండంగనే నా గది పంచితివి."

అఫ్సర్ ముఖం మాడిపోయింది. చాయ్ ముట్టలేదు.

మరునాడు జగిత్యాలలో దశరథం వీలునామా రాసి, రాసినదంతా చదివి వినిపించాడు. అఫ్సర్ పెన్ను పట్టుకుని కాగితం వైపే చూస్తూ కూర్చున్నాడు. బయట రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర ఎవరో టోకెన్ల కోసం అరుస్తున్నారు. హమీదాబీ కొంగు అంచును మెలిపెట్టింది. చివరికి అఫ్సర్ సంతకం పెట్టి లేచాడు. అన్నకు సలాం చెప్పాడు. వదినకు చెప్పకుండానే బస్టాండు వైపు నడిచిపోయాడు.

కాగితం చేతికి వచ్చింది. గది నిలిచింది. హమీదాబీ కాగితాన్ని మడిచి సంచీలో పెట్టింది.

"ఆపరేషన్ నాడు అఫ్సర్ అస్తడా?" అంది.

"ఏమో," అన్నాడు అమీనుద్దీన్, తమ్ముడు పోయిన వైపే చూస్తూ. "రాకపోయినా, రాసింది రాసిందే."