మెట్టు మీద మనిషి

వాన వెలిసింది. ట్రాం పట్టాల మధ్య నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలో ఎరుపు... ఆరింది. పచ్చ... ఆరింది. మళ్లీ ఎరుపు.

కలకత్తా చౌరంగీలో ఒక పాత మేడ నెత్తిన నియాన్ దీపాల కెటిల్ ఉండేది. దీపాలు పెట్టే వేళకు అది వంగి కప్పులోకి టీ పోసేది. ఆరిపోయేది. మళ్లీ పోసేది. ఆ కప్పు ఏనాడూ నిండలేదు.

నేను దాని ఎదురుగా గంటల తరబడి నిలబడేవాణ్ని.

నా పేరు జ్ఞానానందం. షాలిమార్ గూడ్స్ షెడ్డులో గుమాస్తాని. వారమంతా వ్యాగన్ల నంబర్లు రాసే చెయ్యి, శనివారం మధ్యాహ్నమయ్యేసరికి కెమెరా కోసం దురద పెట్టేది. ఎవరో వాడి అమ్మేసిన పెట్టె కెమెరా. రీలుకి పన్నెండు బొమ్మలు. అందుకని తొందరపడేవాణ్ని కాదు.

పెచ్చులూడిన గోడలు. ఇనప చువ్వల బాల్కనీలు. తడిసిన చేతి రిక్షాలు. మట్టి కప్పుల్లో పొగలు కక్కే చాయ్... మేడలు కూలిపోకముందే ఊరినంతా ఆ పెట్టెలో దాచుకోవాలని నా ఆశ.

ఆశ మంచిదే. మనిషే మంచివాడు కాదు.

ఒక శనివారం వాన పట్టుకుంది. వానలోనే మా అమ్మ వచ్చింది.

మా అమ్మ యూనిస్. మా నాన్న సంత్రాగాఛి రైలు యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేస్తూ చనిపోయాడు. ఆ తర్వాత అమ్మ ఒక నర్సింగ్ హోంలో ఆయాగా చేరి నన్ను చదివించింది. ఆ రోజు డ్యూటీ దిగి, ఇంటికెళ్లి, అన్నం వండి, క్యారేజీ పట్టుకుని, బస్సులో హౌరా వంతెన దాటి వచ్చింది. నేనెక్కడ నిలబడతానో ఆమెకు తెలుసు.

"పొద్దున్నుంచీ ఏటీ తిన్నేదు కదా, బాబూ."

"ఉండమ్మా. లైటు పోతుంది."

తిరిగి చూడకుండానే అన్నాను.

ఆమె రోడ్డు దాటి, ఆ మేడ మెట్టు మీద కూర్చుంది. తడి కొంగు తల మీదకి లాక్కుంది. క్యారేజీ ఒళ్లో పెట్టుకుంది. ఎదురుచూసింది.

అప్పుడు చూశాను. అమ్మని కాదు... బొమ్మని చూశాను.

తడి మొహం మీద, రోడ్డు నీళ్లలోంచి ఎగసిన ఎర్రటి వెలుగు. వంగిన మెడ. వెనక పెచ్చులూడిన గోడ — ముందు నలిగిపోయిన మనిషి.

నొక్కాను. రీల్లో అదే ఆఖరిది.

ఆ తర్వాతే అన్నం తిన్నాను. చల్లారిపోయింది.

కెమెరా క్లబ్బు వాళ్ల ప్రదర్శనలో ఆ బొమ్మకి రెండో బహుమతి వచ్చింది. దానికి "వాన సాయంత్రం" అని పేరు పెట్టాను.

"నానూ రావచ్చా చూడ్డానికి?" అమ్మ అడిగింది.

"కార్డు ఉన్నవాళ్లనే రానిస్తారమ్మా."

నా జేబులో రెండు కార్డులున్నాయి.

హాల్లో తెలుగు వినిపించింది. ప్రాణం లేచొచ్చింది. బ్యాంకు ఆఫీసరు శ్యామసుందర్ గారు, ఆయన భార్య హైమ గారు. ఇద్దరూ నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఎంత సహజంగా తీశారండీ! ఎవరండీ ఈ ముష్టావిడ?" అన్నారాయన.

మా అమ్మండి. అంతే. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆయన కోటు చూశాను. ఆవిడ పట్టుచీర చూశాను.

"ఎవరోనండి... ఫుట్‌పాత్ మనిషి."

"అయ్యో పాపం," అంది ఆవిడ. "ఏమన్నా ఇచ్చారా ఆవిడకి?"

"ఇచ్చానండి."

తల కొట్టేసినట్టయింది. అయినా నవ్వుతూనే ఉన్నాను. వాళ్లకి కుర్చీలు కూడా తెచ్చి వేశాను. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి బంగారు గాజులు చేయిస్తానన్నాడట... వాడు నాకంటే నయం.

ఇంటికొచ్చాక అమ్మ నాకిచ్చిన బహుమతి సర్టిఫికెట్టుని కొంగుతో తుడిచింది. తుడవాల్సిన దుమ్మేమీ లేదు.

"ఆ మేడ బొమ్మలో నానూ పడ్డానా?"

"పడ్డావమ్మా."

"మొకం అగుపడతాదా?"

"... కొంచెం."

ఆమె ఇంకేమీ అడగలేదు. సిగ్గుపడిందనుకున్నాను.

మర్నాడు ఆదివారం. నెలలో మొదటి ఆదివారం — మా తెలుగు చర్చి సంఘంలో ప్రభువు బల్ల, యేసును తలచుకుని రొట్టె పంచుకునే రోజు. మనకి ఎవరి మీదైనా, ఎవరికైనా మన మీద, మనసులో ఏదైనా ఉంటే రొట్టె ముట్టకూడదు. పళ్లాన్ని పక్కవాళ్లకి అందించెయ్యాలి. వెళ్లి ఆ మనిషితో సమాధానపడి రావాలి. డ్యూటీలో ఉన్న రైలువాళ్ల కోసం సాయంత్రం మళ్లీ బల్ల పెడతారు. అందాకే గడువు.

సంఘపెద్ద నరసింహం గారు పళ్లెం అందించారు.

రొట్టె మీదకి నా చెయ్యి వెళ్లలేదు. పక్కకి అందించేశాను.

ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ చూసింది. ఆమె దగ్గరికి పళ్లెం వెళ్లింది... ఆమె కూడా అందించేసింది.

నాన్న చనిపోయిన నెలలో కూడా బల్ల మానని మనిషి!

సంఘమంతా చూసింది. నేను నేల చూపులు చూశాను. ఎవరు చెప్పారు ఆమెకి? హాల్లోని మాట ఎలా తెలిసింది?

బయట, రైలు క్వార్టర్ల దారిలో, అమ్మ నా పక్కకి వచ్చి నడిచింది. మబ్బు పట్టింది. కొంత దూరం పోయాక ఆగింది.

"నా మీదే కదా నీ కోపం, బాబూ."

నేను తల తిప్పుకున్నాను.

"నాకు తెలుసు. ఆ తడి బట్టల్తోటి నాను ఆ మెట్టు మీద కూకోకపోతే, నీకు మొదటి బహుమతే వచ్చీది. నీ బొమ్మ నానే పాడు సేసినాను. ఈ పాలికి తప్పు కాయి, బాబూ."

నా తల్లి. నడిరోడ్డు మీద. నన్ను క్షమించమంది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి... నోరు తెరిచాను.

"పదమ్మా... తడుస్తావు," అన్నాను.

చినుకులు మొదలయ్యాయి. ఆ మాటతో నేను క్షమించేశాననుకుంది అమ్మ. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అయితే సాయంత్రం బల్లకి ఇద్దరం ఎల్దుమా?" అని నవ్వింది.