షుగర్ లేని మనిషి

"నీకు షుగర్ లేదు కదమ్మా, ఆ మిగిలింది నువ్వు తినేయ్" అంది మా అత్త అంజనమ్మ, గిన్నె నా వైపు తోస్తూ. నిన్నటి తెల్లన్నం. పక్కనే, ఆడబిడ్డ వచ్చి వెళ్ళినప్పుడు మిగిలిన బెల్లం ఓలిగలు. పారేస్తే పాపం, ఆవుకు పెడితే దండగ, కొడుక్కి పెడితే షుగర్. ఇక మిగిలింది నేనే.

మా ఇంట్లో షుగర్ మా ఆయన జయప్రకాశ్ ఒక్కడిదే. అది ఆయనకు ఒక పదవిలాంటిది. ఆయనకు వేడివేడి రాగిముద్ద వేరే, నూనె తగ్గించిన పులుసు వేరే, మాత్రలు చేతికి అందించడం వేరే. తెల్లవారుతూనే బూట్లు వేసుకుని వాకింగుకు బయలుదేరతాడు. తిరిగొచ్చేసరికి ముద్ద తయారుగా ఉండాలని నేను పొయ్యి దగ్గర సంకటి కెలుకుతూ ఉంటాను. తరవాత గిన్నెల అడుగున ఉన్నది నోట్లో వేసుకుని, కుందారపల్లి రోడ్డు మీదికి కంపెనీ బస్సు కోసం పరుగెత్తుతాను. హోసూరులో పగలంతా కూర్చుని బండ్ల వైర్లకు క్లిప్పులు తొడగడం నా ఉద్యోగం. నడుము చుట్టూ ఒళ్ళు రాక ఏమవుతుంది? "తిని కూర్చుంటే అంతే" అంటాడు ఆయన, నలుగురి ముందూ.

మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోందని కృష్ణగిరిలో డాక్టర్ మంజుశ్రీ దగ్గరికి వెళ్ళాను. ఆమె రక్తపరీక్షలు చేయించి, బీపీ చూసి, నడుము కొలిచింది.

"షుగర్ ఇప్పటికి నార్మలే త్రివేణమ్మా. కానీ ట్రైగ్లిజరైడ్లు ఎక్కువుండాయి, మంచి కొలెస్ట్రాల్ తక్కువుంది, బీపీ కూడా పైకి పోతా ఉంది. అన్నీ కలిపి చూస్తే, ఇన్సులిన్ చెప్పే మాట నీ ఒళ్ళు సరిగ్గా వింటా లేదనిపిస్తా ఉంది. ఇట్లే వదిలేస్తే రక్తనాళాలు బిరుసెక్కిపోతాయి. గుండెకు మంచిది కాదు."

నాకు నవ్వొచ్చింది. చెప్పి చెప్పి మాట చెల్లకపోవడమంటే ఏమిటో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు.

"ఇంకా నయమయ్యే దశలోనే ఉండావు. తెల్లన్నం, తీపి తగ్గించు. రోజూ గట్టిగా నడువు" అందామె.

బస్సులో తిరిగొస్తూ మా అమ్మ కెంచమ్మను తలుచుకున్నాను. మా పుట్టినూరు కల్లావిలో గొర్రెలకు మేత వేస్తూ అక్కడే కూలబడిపోయింది. "ఒక్క జబ్బు లేని మనిషి" అని అందరూ ఏడ్చారు. జబ్బు లేదని చూసిందెవరు?

ఇంట్లో చెబితే మా ఆయన టీవీ మీదినుంచి కళ్ళు తిప్పలేదు. "షుగర్ నార్మలే కదా? డాక్టర్లు ఉండేదే భయపెట్టేదానికి."

"మా కాలంలో ఈ నాళాలు గీళాలు యాడుండె?" అంది అత్త.

"రోజూ నడవమనింది."

"నువ్వు నడవను పోతే సంకటి ఎవురు చేసేది?" అన్నారు ఇద్దరూ దాదాపు ఒకేసారి. నా గుండె సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఆయన బూట్లు తొడుక్కుంటుంటే నేనూ చెప్పులేసుకుని వాకిట్లోకి వచ్చాను.

"యాడికే?"

"నేనూ వాకింగుకు."

దారంతా గొణుగుతూనే ఉన్నాడు. రోడ్డు మలుపులో టీ అంగడి కనబడగానే నడక వేగం పెంచి, నాకంటే ముందుకు వెళ్ళిపోయాడు. అంగడి మునెప్పకు వెనక వస్తున్న నేను కనబడలేదు.

"రాప్పా జయప్రకాశా! ఎప్పటి మాదిరే సక్కెర ఎక్కువేసి టీ, రెండు బజ్జీలు కదా?"

మా ఆయన చేత్తో సైగ చేశాడు. కానీ బజ్జీలు అప్పటికే కాగితంలోకి వచ్చేశాయి. ఇన్నేళ్ళూ కెలికిన సంకటి అంతా ఒక్కసారిగా నా మణికట్లలో నొప్పెట్టింది.

"ఈ పొద్దొక్కటే..." అని నసిగాడు. "నువ్వూ కూచో, టీ తాగు. అమ్మకు చెప్పొద్దు."

"ఏమ్మా, నీకూ ఒక టీ?" అన్నాడు మునెప్ప.

"నాకొద్దప్పా."

వాళ్ళిద్దరినీ దాటి ముందుకు నడిచాను.

"యాడికి పోతా ఉండావే? సంకటికి ఆలస్యమైతా ఉంది!" వెనకనుంచి అరిచాడు.

"పిండి పై అరలో ఉంది, పోయి కెలుక్కో. నేను నిజంగానే వాకింగుకు పోతా ఉండాను."