అరవై ఆరులో లేని ప్రార్థన

"ఒక్క ఆమెన్ అనండి చాలు. ఇంకేం అడగను" అంది ఎలిజబెత్.

అబ్రహాము చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయాడు. ఇంకాసేపట్లో పటమట చర్చిలో వాళ్ళ కూతురి జ్ఞాపకార్థ కూడిక.

ఏంజెల్‌కి పంతొమ్మిదేళ్ళు. కరకట్ట మీద ఇసుక లారీ ఆమె స్కూటీని గుద్దేసింది. శవాన్ని అప్పగించినప్పుడు మణికట్టుకి ఎర్రదారం ఉంది. పరీక్షల ముందు స్నేహితురాలు దుర్గమ్మ కొండ నుంచి తెచ్చి కట్టింది. అది ఎలిజబెత్‌కి ముందే తెలుసు. ఇప్పుడు సంఘమంతటికీ తెలుసు.

బాప్తిస్మం తీసుకోలేదు. ఏడాదిగా చర్చికి రాలేదు. పైగా దారం. సమాధి దగ్గర పాస్టర్ జక్కయ్య తల్లిదండ్రుల కోసం ప్రార్థించాడు, సంఘం కోసం ప్రార్థించాడు, దారి తప్పుతున్న యౌవనస్థుల కోసం ప్రార్థించాడు. పెట్టెలో ఉన్న పిల్ల కోసం ఒక్క మాట లేదు. ఉండదు. ఆ సంఘంలో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించరు. బైబిల్లో లేదు కాబట్టి.

లేదని ఏళ్ళ తరబడి నేర్పుతున్నవాడు అబ్రహామే. ఆదివారం బైబిలు క్లాసు ఆయనది. "ఏ పుస్తకం దేవుడిదో మనుషులు ఓట్లేసి తేల్చలేదు. గొర్రెలు కాపరి గొంతు గుర్తుపట్టినట్టు సంఘం గుర్తుపట్టింది. అలా మన బైబిల్లోకి వచ్చిన పుస్తకాలు అరవై ఆరు." ఆ పాఠం వినడానికి పక్క సంఘాలవాళ్ళు కూడా వచ్చేవారు.

ఎలిజబెత్ పుట్టిల్లు పామర్రు దగ్గర ఒక కేథలిక్ కుటుంబం. పెళ్ళితో ఈ ప్రొటెస్టెంటు సంఘంలోకి వచ్చింది. ఆమె తల్లి ఆదెమ్మ చదివే బైబిల్లో పాత నిబంధనలో ఏడు పుస్తకాలు ఎక్కువ. అందులో ఒకచోట ఒక యుద్ధం. చచ్చిపోయిన సైనికులను పూడ్చబోతే వాళ్ళ బట్టల కింద పరాయి దేవుళ్ళ తాయెత్తులు బయటపడతాయి. సేనాని వాళ్ళను పాపులని వదిలెయ్యడు. అందరి దగ్గరా చందా పోగుచేసి, వాళ్ళ పాపం తుడిచెయ్యమని ఆలయానికి బలి పంపిస్తాడు.

ఎలిజబెత్ ఈ సాయంత్రం చదవబోతున్నది అదే.

"అది లేఖనం కాదు లిజ్జీ" అన్నాడు అబ్రహాము. "యూదుల హెబ్రీ గ్రంథాల్లో లేదు. చదివితే మంచిదేగానీ దాని మీద సిద్ధాంతం కట్టకూడదని పాతకాలం పండితులే అన్నారు."

"పాతకాలం సంఘాల్లో చదివారా లేదా?"

"చదివారు."

"మా అమ్మావాళ్ళు ఇప్పటికీ చదువుతున్నారు. ఆ గొర్రెలు కూడా గుర్తుపట్టాయిగా. అవి గొర్రెలు కావా?"

ఆయన దగ్గర దీనికి జవాబుంది. క్లాసులో చాలాసార్లు చెప్పాడు. ఇప్పుడు మిగిలిన గుండీలు పెట్టుకున్నాడు.

"వద్దన్న ఆ పండితుల్లో ఎవరికైనా కూతురు పోయిందాండీ?"

గుమ్మంలో కూర్చున్న ఆదెమ్మ లేచింది. "అల్లుడుగారిని ఎందుకే చంపుతావు? గుణదల మేరీమాత చర్చిలో దాని పేరున పూజ పెట్టిస్తానన్నానుగా. ఫాదరుగారు పేరు చదువుతారు. అయిపోద్ది."

"ఫాదరుగారికి అదెవరో తెలీదమ్మా. దేవుణ్ణి దాని నాన్న అడగాలి. జ్వరమొస్తే నన్ను పొమ్మని నాన్న చెయ్యి తెచ్చి తలమీద పెట్టుకునేది. నాన్న ప్రార్థన తొందరగా వెళ్తదంట."

అబ్రహాము మొహం తిప్పుకున్నాడు.

ఆమెన్ ఎందుకంటే, అది అక్కడి ఆనవాయితీ. ఎవరు వాక్యం చదివినా చివర "దేవుడు తన వాక్యమును దీవించును గాక" అంటారు. సంఘం ఆమెన్ అంటుంది. మొదటి గొంతు ఎప్పుడూ అబ్రహాముది. ఒకసారి ఆయనకి దగ్గు తెరొస్తే అది తగ్గేదాకా సంఘమంతా ఆగిందని అక్కడ జోకు.

చర్చి నిండింది. పాటలయ్యాయి. ఎలిజబెత్ మైకు దగ్గరికి వెళ్ళి పుస్తకం పేరు, అధ్యాయం చెప్పింది. అందరూ బైబిళ్ళు తెరిచారు. పేజీలు తిరుగుతున్నాయి. తిరుగుతూనే ఉన్నాయి.

"ఎక్కడమ్మా అది? మలాకీకి ముందా?" అంది ఒకావిడ పక్కావిడతో.

"ఫోన్లో కూడా రావట్లేదొదినా."

"మీ వాటిల్లో లేదండీ" అంది ఎలిజబెత్ మైకులోనే. "వినండి, చాలు."

పేజీల చప్పుడు ఆగిపోయింది. ఆమె చదవడం మొదలుపెట్టింది. జక్కయ్య కుర్చీలోంచి సగం లేచి అబ్రహాము వైపు చూశాడు. ఆపాల్సినవాడు ఆయనే. అబ్రహాము నేల చూపులు చూస్తున్నాడు. తాయెత్తుల దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగింది. మళ్ళీ ఆ వాక్యం మొదటినుంచి చదివింది.

"దేవుడు తన వాక్యమును దీవించును గాక."

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరూ పలకలేదు. ఎలిజబెత్ ఇంకెవరినీ చూడలేదు. భర్తనే చూసింది.

"ఆమెన్" అన్నాడు అబ్రహాము.

ఆ గొంతు వెనక ఇంకో గొంతు రాలేదు. జక్కయ్య గబగబా ఇంకో పాట అందుకున్నాడు.

భోజనాల దగ్గర జక్కయ్య ఆయన్ని పక్కకి పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు. శవపెట్టెకి ఒక భుజం ఆయనే పట్టాడు.

"మీ బాధ నాకు తెలీదనుకోకండి. కానీ రేపు ఆదివారం క్లాసులో పిల్లలు అడుగుతారు. ఏం చెప్తారు? దేవుడి పుస్తకాలు అరవై ఆరా, ఇంకా ఉన్నాయా?"

"అరవై ఆరే అయ్యగారూ" అన్నాడు అబ్రహాము. ఆలోచించలేదు. దానంతటదే వచ్చింది.

వెనక ఎలిజబెత్ నిలబడి ఉంది. చేతిలో ఆయనకి తెచ్చిన అన్నం పళ్ళెం.

జక్కయ్య తల దించుకుని వెళ్ళిపోయాడు.

"మరి ఇందాక దేనికి ఆమెన్ అన్నారు?"

అబద్ధం చెప్తే సరిపోయేది. ఆయనకి ఆ అలవాటు లేదు.

"నీకోసం."

"నాకెందుకండీ? నేను బతికే ఉన్నాగా."

ఆమె అరవలేదు. పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఆయన ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "ఉండు. ఇప్పుడు చేస్తాను. పుస్తకంతో పన్లేదు. దాని తండ్రిగా చేస్తాను."

ఇద్దరూ ఖాళీ అయిన చర్చిలోకి వెళ్ళి ముందు బెంచీ దగ్గర మోకరించారు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎందరి శవాల దగ్గరో ప్రార్థించిన మనిషి. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో నాలుకకి తెలుసు.

"పరలోకమందున్న తండ్రీ, నీ దాసురాలు ఏంజెల్... ఏంజెల్ కుటుంబాన్ని నీ ఆదరణతో..."

ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "తండ్రీ, నా బిడ్డ ఏంజెల్‌ని..." తర్వాత మాట రాలేదు. 'క్షమించు' అనాలి. చావుతోనే తీర్పు అయిపోయిందని, ఇక అడగడానికి ఏమీ లేదని ఎందరు తల్లులకో చెప్పిన నోరు అది. ఆ తల్లుల మొహాలన్నీ ఎదురొచ్చాయి. ఆయన బెంచీ మీద తల ఆనించి, నోట్లో జేబురుమాలు కుక్కుకుని ఏడ్చాడు.

ఎలిజబెత్ చాలాసేపు ఎదురుచూసింది. తర్వాత ఆయన వీపు నిమిరింది.

"పోనీలెండి. మీకు రాదు" అంది. "మీ తప్పు కాదు."

బయటికొచ్చి చెప్పులు వేసుకుంది. ఆదెమ్మ గేటు దగ్గర ఆటోని ఆపి నిలబడి ఉంది.

"గుణదల చర్చి మూస్తారేమో, తొందరగా పోనీ బాబూ" అంది ఎలిజబెత్. ఆటోలో తల్లి పక్కన ఇంకొకరికి చోటుంది. ఆమె వెనక్కి తిరిగి ఆయన్ని పిలవలేదు.